గురి అద్దం మనిషిని గుర్తుపట్టదు
తుపాకీ దుర్భిణి కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు

మక్క కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే ఆదిలాబాదు అడవి అంచు ఊళ్ళలో రైతుకు నిద్ర ఉండదు. చేను మధ్యన మంచె, మంచెకు కొంచెం దూరంగా నెగడు, చేతిలో టార్చిలైటు, పక్కన మోగించటానికి ఒక రేకు డబ్బా. ఒక్క రాత్రి ఏమరితే చాలు, తెల్లవారేసరికి అడవిపందులు చేనును దున్నినట్లు చేసి పోతాయి. నెలల కష్టం కళ్ళ ముందే మట్టిపాలవుతుంది.

అటువంటి కష్టంలో తుపాకీ మాట వస్తుంది. తుపాకీ మాట వెంట ఇప్పుడు దుర్భిణి మాట కూడా వస్తున్నది. సెల్‌ఫోనులో బొమ్మ చూసో, ‘ఇది బిగిస్తే చీకట్లో కూడా గురి తప్పదు’ అన్న మాట నమ్మో వేలకు వేలు పోసేవారున్నారు. ఇంకోవైపు, కొడుకు ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటే మొదట దుర్భిణి కొనిచ్చే తండ్రులున్నారు. రెండు చోట్లా డబ్బు చాలావరకు వృథాయే. మొదటి చోట డబ్బుతో తీరని నష్టం కూడా పొంచి ఉన్నది.

తుపాకీ మీద బిగించే దుర్భిణిని వాడుకలో స్కోపు అంటారు. అది ఏమి చేస్తుంది, ఏమి చేయలేదు అన్నది తెలిసినవాడే దాన్ని కొనాలి. తెలిసిన తరువాత చాలామందికి దాని అవసరమే లేదని తేలుతుంది.

చట్టం ఏమంటున్నది?

నిజాం కాలంలో ఆదిలాబాదు అడవులు షికారుకు పేరుపడినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత సరదా వేటకు దేశంలో తావు లేకుండా పోయింది. ఆ అడవుల్లోనిదే కవ్వాల్, 2012లో పులుల అభయారణ్యం అయింది. తుపాకీతో కుందేలును కొట్టినా, ఎయిర్ గన్నుతో కౌజుపిట్టను కొట్టినా ఇవాళ నేరమే.

పంటను పాడుచేసే అడవిపంది విషయంలో మాత్రం అదే చట్టంలోని 11వ సెక్షను ఒక దారి చూపింది. రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు ప్రకారం అనుమతి పొందినవారే జంతువును కొట్టవచ్చు. నోటిమాట అనుమతి అనుమతి కాదు. ప్రాణాపాయంలో ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదు గాని, చచ్చిన జంతువు మాత్రం ప్రభుత్వ ఆస్తి.

తుపాకీకి 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు వేరుగా ఉండాలి. పంట కాపలా కోసం అని ఆ చట్టం చెప్పినది మూతి నుంచి మందు కూరే తుపాకీ గురించి. ఎయిర్ రైఫిళ్ళకు 2016 నాటి ఆయుధ నిబంధనలు ఒక గీత గీశాయి. గొట్టం రంధ్రం 4.5 మి.మీ. దాటినా, గుళిక బలం 20 జౌల్స్ దాటినా లైసెన్సు కావలసిందే.

కనుక జిల్లాలో గురి సామాను గురించి ఆలోచించవలసినవారు మూడు రకాలు. పంట కాపలా లైసెన్సు ఉన్నవారు ఒకరు. అటవీ శాఖ అనుమతితో పందులను కొట్టే షూటర్లు ఇంకొకరు. రేంజిలో పోటీలకు తయారయ్యే పిల్లలు మూడోవారు. ముగ్గురికీ కావలసినది ఒకటి కాదు.

నున్నటి గొట్టానికి అద్దమెందుకు?

రైఫిలు గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల గుండు బొంగరంలా గిరగిర తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే బొంగరం పడిపోనట్లే తిరిగే గుండు దారి తప్పకుండా పోతుంది. పంట కాపలా తుపాకీ గొట్టం నున్నగా ఉంటుంది. అందులోంచి వచ్చే రవ్వలు విత్తనాలు చల్లినట్లు విచ్చుకుంటూ పోతాయి. 35, 40 గజాలు దాటిన తరువాత దాని మీద ఆశ పెట్టుకోరాదు.

అటువంటి తుపాకీకి స్కోపు బిగించడం ఎడ్లబండికి మోటారు కారు లైట్లు కట్టడం వంటిది. లైట్లు వెలుగుతాయి, బండి వేగం పెరగదు. మూతి దగ్గర ఉన్న పూస ఒక్కటే దానికి చాలిన గురి. స్కోపు దూరాన్ని దగ్గరగా చూపుతుంది గాని గుండును దూరం మోసుకుపోదు. ఈ ఒక్క మాట తెలిస్తే మొదటి రకంవారి డబ్బు ఇంట్లోనే ఉంటుంది.

ఒక కంటికి మూడు పనులు

సాదా రైఫిలు మీద వెనుక ఒక గాడి, మూతి దగ్గర ఒక మొన ఉంటాయి. మొనను గాడి మధ్యకు తెచ్చి, ఆ మొనను గురి మీద నిలపాలి. చెప్పటానికి సులువే. కాని కంటికి అది మూడు దూరాల పని. గాడి మూరెడు దూరంలో ఉంటుంది, మొన గజం దూరంలో ఉంటుంది, గురి 50 గజాల అవతల ఉంటుంది. కన్ను ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు.

కొత్తవాడు గురి వంకే చూస్తాడు. నేర్చినవాడు మొన వంక చూస్తాడు. గురి కొంచెం మసకగా కనబడినా నష్టం లేదు, మొన మాత్రం సూదిలా కనబడాలి. కారణం లెక్కలో ఉన్నది. గాడికి మొనకు మధ్య 75 సెం.మీ. ఉన్న రైఫిలులో మొన ఒక్క మి.మీ. పక్కకు జరిగితే 100 మీటర్ల దూరాన గుండు 13 సెం.మీ. పక్కకు పోతుంది. కంటికి ఆనని తప్పు అక్కడికి చేరేసరికి చేయి వెడల్పు అవుతుంది.

నలభై దాటినవారికి చత్వారం వస్తుంది. గురి బాగానే కనబడుతుంది, మొన మాత్రం అలుక్కుపోతుంది. రైఫిలు వాడే అనుమతి ఉన్నవారిలో ఇటువంటివారికి స్కోపు నిజంగా మేలు చేస్తుంది. స్కోపులో అడ్డగీత, నిలువుగీత, గురి అన్నీ ఒకే తలం మీద ఉన్నట్లు కనబడతాయి. మూడు పనులు పోయి కంటికి ఒక్క పని మిగులుతుంది. స్కోపు అసలు గుణం ఇదే. పెద్దదిగా చూపడం తరువాతి సంగతి.

ఏ గురి సామాను అయినా కొనేముందు ఏ కన్ను గురి కన్నో తెలుసుకోవాలి. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో దూరాన ఉన్న తాటిచెట్టును ఆ సందులో చూడాలి. తరువాత ఒక్కొక్క కన్నే మూసి చూడాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు చెట్టు సందులోనే నిలుస్తుందో అది గురి కన్ను. కుడిచేతి వాటం ఉన్నవారందరికీ కుడికన్నే గురి కన్ను అయి ఉండదు.

ఒలింపిక్సులో దుర్భిణి లేదు

ఇక పోటీలకు తయారయ్యే పిల్లల సంగతి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గురి కాగితం మీది నల్లటి వృత్తం అడ్డుకొలత 30.5 మి.మీ. దాని నడిమధ్య ఉండే పది పాయింట్ల చుక్క అర మి.మీ. మాత్రమే. పెన్సిలు మొనతో పెట్టిన చుక్క వంటిది. అంత చిన్న చుక్కను కొట్టటానికి దుర్భిణి తప్పదని ఎవరైనా అనుకుంటారు. కాని అంతర్జాతీయ షూటింగ్ నిబంధనల ప్రకారం ఆ రైఫిలు మీద దుర్భిణి ఉండరాదు.

మరి ఎట్లా కొడతారు? వెనుక గాడికి బదులు సన్నని రంధ్రం ఉన్న పలక ఉంటుంది. దీన్ని పీప్ సైట్ అంటారు. మూతి దగ్గర మొనకు బదులు చిన్న ఉంగరం ఉంటుంది. రంధ్రంలోంచి చూస్తే ఉంగరం, ఉంగరం మధ్యన నల్లటి వృత్తం కనబడతాయి. వృత్తం చుట్టూ తెల్లటి అంచు అన్ని వైపులా సమానంగా ఉన్నదా లేదా అన్నదే షూటరు చూస్తాడు. చుక్కను వాడు చూడనే చూడడు.

సన్నని రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ రెండూ తేటపడతాయి. కళ్ళజోడు మరచిపోయిన పెద్దాయన పిడికిలి బిగించి ఆ సందులోంచి ఉత్తరం చదువుకోవడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఈ రంధ్రంతోనే అభినవ్ బింద్రా 2008 ఆగస్టు 11న బీజింగులో స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగత విభాగంలో భారతదేశానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో అదే పోటీలో కాంస్యం తెచ్చాడు. 50 మీటర్ల రైఫిల్ పోటీలో స్వప్నిల్ కుసాలే 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచినదీ దుర్భిణి లేని రైఫిలుతోనే. పిస్తోలు పోటీలలో అయితే రంధ్రం కూడా లేదు, గాడి, మొన మాత్రమే. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు గెలిచినది వాటితోనే.

రాష్ట్ర స్థాయి పోటీలలో కొత్తవారి కోసం గాడి, మొనతో కొట్టే ఓపెన్ సైట్ విభాగం వేరుగా ఉంటుంది. పిల్లలు అక్కడ మొదలుపెట్టి, చేయి కుదిరిన తరువాత పీప్ సైటుకు మారడం మంచి పద్ధతి. మొదటి రోజే స్కోపు చేతికి ఇస్తే పిల్లవాడు పోటీకి పనికిరాని అలవాటు నేర్చుకుంటాడు. తండ్రి ఆ డబ్బును గుళికలకు, రేంజి రుసుముకు ఖర్చు పెడితే పిల్లవాడికి సాధన దక్కుతుంది.

సాలెపురుగు నేర్పిన విద్య

స్కోపు నిజంగా అవసరమైనవారు మిగిలింది రెండో రకంవారు, అంటే అనుమతితో రైఫిలు పట్టే షూటర్లు. వారు దాని పుట్టుక, పనితీరు తెలుసుకోవడం మంచిది.

దుర్భిణి 1608లో హాలండులో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిపర్షే వల్ల లోకానికి తెలిసింది. సుమారు 1640 నాటికి ఇంగ్లాండులో విలియం గాస్కోయిన్ అనే నక్షత్ర పరిశీలకుడి దుర్భిణిలో సాలెపురుగు దారం కట్టిందని చెబుతారు. సరిగ్గా బొమ్మ ఏర్పడే చోట కట్టడంతో నక్షత్రమూ దారమూ రెండూ స్పష్టంగా కనబడ్డాయి. దుర్భిణి అప్పటిదాకా చూసే సాధనం. ఆ దారంతో గురి చూసే సాధనం అయింది. బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్సన్ అనే అధికారి రూపొందించిన స్కోపును 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో విట్‌వర్త్ రైఫిళ్ళకు బిగించి వాడారు.

ఇప్పటి స్కోపులోనూ సూత్రం అదే. ముందున్న పెద్ద కటకం బొమ్మను తలకిందులుగా వేస్తుంది. మధ్యనున్న కటకాలు దాన్ని తిరిగి నిటారుగా నిలబెడతాయి. బొమ్మ పడే చోట గీతలు ఉంటాయి. కంటి దగ్గర కటకం అంతటినీ పెద్దది చేసి చూపుతుంది.

అంకెలు చదవడం ఎట్లా?

స్కోపు మీద 4×32 అని ఉంటే నాలుగు రెట్లు పెద్దదిగా చూపుతుందనీ, ముందు కటకం అడ్డుకొలత 32 మి.మీ. అనీ అర్థం. 3-9×40 అని ఉంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా మార్చుకోవచ్చు, కటకం 40 మి.మీ.

రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు మచ్చ కొలత వస్తుంది. 32ను 4తో భాగిస్తే 8 మి.మీ. 40ని 9తో భాగిస్తే నాలుగున్నర కూడా రాదు. మసక వెలుతురులో పడుచువాడి కంటిపాప సుమారు 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు మళ్ళినవారికి 5 మి.మీ. దగ్గర ఆగుతుంది. అంటే పొద్దుగూకే వేళ చవకైన 4×32 స్కోపు, తొమ్మిది రెట్లకు తిప్పిన స్కోపు కంటే వెలుతురుగా కనబడవచ్చు. ఎక్కువ రెట్లు అంటే ఎక్కువ మేలు అనుకోవడం పొరపాటు.

రెట్లు పెరిగేకొద్దీ మరి రెండు నష్టాలున్నాయి. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరిగి కనబడుతుంది. చూపు వెడల్పు తగ్గిపోతుంది. తొమ్మిది రెట్ల దగ్గర 100 మీటర్ల దూరాన సుమారు 4 మీటర్ల మేర మాత్రమే స్కోపులో కనబడుతుంది. ఆ నాలుగు మీటర్లకు అటూ ఇటూ ఎవరున్నా తెలియదు. ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

కంటికి, స్కోపుకు మధ్య ఉండవలసిన దూరం కూడా చూసి కొనాలి. సాధారణంగా అది 75 నుంచి 100 మి.మీ. ఉంటుంది. కన్ను ఆనించి కాలిస్తే తుపాకీ వెనక్కు తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మను కోస్తుంది.

తల కొంచెం కదిలిస్తే గీతలు గురి మీద జరిగినట్లు కనబడడం మరో లోపం. బస్సు కిటికీ కమ్మీ దూరపు చెట్ల మీద జరిగినట్లే ఇదీ. పెద్ద రైఫిళ్ళ స్కోపులు చాలావాటిని 100 గజాల దగ్గర ఈ లోపం లేకుండా తయారుచేస్తారు. అవే స్కోపులు ఎయిర్ రైఫిలు మీద పెట్టి 10 మీటర్ల గురిని చూస్తే బొమ్మ మసకబారుతుంది, గురి జరుగుతుంది. దూరం సర్దుకునే పిడి ఉన్న స్కోపే అక్కడ పనికి వస్తుంది. స్ప్రింగు ఎయిర్ రైఫిలు వెనక్కు ఒకసారి, ముందుకు ఒకసారి తన్నుతుంది. ఆ ముందు తన్నుకు తట్టుకునేట్లు చేయని స్కోపు కొద్ది రోజుల్లోనే లోపల వదులైపోతుంది.

ఎర్ర చుక్క సంగతి

ఇటీవల ఎర్ర చుక్క చూపే అద్దాలు కూడా అమ్ముతున్నారు. ఇందులో పెద్దదిగా చూపడం ఉండదు. వాలుగా పెట్టిన అద్దం మీద చిన్న దీపం వెలుగు పడి, దూరాన గురి మీద చుక్క ఉన్నట్లు కనబడుతుంది. రెండు కళ్ళూ తెరిచి చూడవచ్చు.

ఈ ఉపాయాన్ని 1900లో డబ్లినుకు చెందిన దుర్భిణుల తయారీదారు హోవార్డ్ గ్రబ్ కనిపెట్టాడు. హైదరాబాదు నిజామియా వేధశాలలో నక్షత్రాలు చూసిన 15 అంగుళాల పెద్ద దుర్భిణి గ్రబ్ కంపెనీదే. బ్యాటరీతో వెలిగే ఎర్ర చుక్కను 1975లో స్వీడనులోని ఎయిమ్‌పాయింట్ కంపెనీ తెచ్చింది.

చుక్కకు కూడా ఒక కొలత ఉంటుంది. నాలుగు మినిట్ల చుక్క 100 మీటర్ల దూరాన సుమారు 12 సెం.మీ. మేర కప్పేస్తుంది. దగ్గరి గురికి అది బాగానే ఉంటుంది, దూరానికి పనికిరాదు. బ్యాటరీ అయిపోతే చుక్క ఉండదు కనుక తుపాకీ మీది గాడి, మొన తీసివేయరాదు.

గురి కట్టడం

కొత్త స్కోపు బిగించగానే గుండు గీతల మధ్యకు పోదు. గుండు గొట్టం దారిన పోతుంది, చూపు స్కోపు దారిన పోతుంది. రెండింటికీ నడుమ నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. పైగా వదిలిన క్షణం నుంచే గుండు కిందికి దిగుతూ ఉంటుంది. గులేరుతో రాయి కొట్టిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. పోటీల ఎయిర్ రైఫిలు గుళిక సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో పోయినా 10 మీటర్లు చేరేసరికి ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఈ రెండు దారులను ఒక దూరం దగ్గర కలపడాన్నే గురి కట్టడం అంటారు.

స్కోపు మీద రెండు తిప్పుడు బిళ్ళలు ఉంటాయి. పైది ఎత్తు కోసం, పక్కది ఎడమ కుడి కోసం. తిప్పితే టిక్కుమని శబ్దం వస్తుంది. చాలా స్కోపులలో ఒక టిక్కు పావు మినిటు. అది 100 మీటర్ల దగ్గర 7 మి.మీ., 50 మీటర్ల దగ్గర మూడున్నర మి.మీ. గుండును జరుపుతుంది.

ముందుగా తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించాలి. ఒకే చోట గురి పెట్టి మూడు గుండ్లు కాల్చాలి. ఒక్క గుండును చూసి బిళ్ళ తిప్పరాదు. మూడూ పడిన చోట నడిమధ్యను చూడాలి. 50 మీటర్ల దగ్గర అది 5 సెం.మీ. ఎడమకు ఉంటే 14 టిక్కులు కుడికి తిప్పాలి. మళ్ళీ మూడు కాల్చి చూడాలి. మూడు గుండ్లు మూడు చోట్ల పడితే తప్పు స్కోపుది కాకపోవచ్చు. బిగింపు మరలు వదులయ్యాయేమో చూడాలి, ఆ తరువాత చేతిని, ఊపిరిని చూసుకోవాలి.

ఈ పనంతా అనుమతి ఉన్న రేంజిలోనే చేయాలి. ఊరి చెరువు కట్ట రేంజి కాదు. చిన్నదని అనుకునే పాయింట్ 22 గుండు కూడా ఒక మైలుకు పైగా పోగలదు.

వానకాలం జాగ్రత్తలు

మంచి స్కోపు లోపల గాలి తీసివేసి నైట్రోజన్ నింపి మూసి ఉంటారు. అందువల్ల లోపల ఆవిరి పట్టదు. చవక రకంలో మొదటి వానకే అద్దం లోపల మంచు పట్టినట్లవుతుంది. కొనేటప్పుడు అద్దం మీద నీలం, ఊదా రంగు మెరుపు చూడాలి. అది పూత. పూత లేని అద్దం ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు పాళ్ళ వెలుగును వెనక్కు కొడుతుంది. స్కోపులో అటువంటి ముఖాలు చాలా ఉంటాయి కనుక సాయంత్రం వేళకు చూపు సగమవుతుంది. జర్మనీలోని జైస్ కంపెనీ శాస్త్రజ్ఞుడు స్మకులా 1935లో ఈ పూతను కనిపెట్టాడు.

తోలు సంచిలో పెట్టి అటక మీద వేస్తే శ్రావణం దాటేసరికి అద్దానికి బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో ఉంచాలి. దుమ్మును మెత్తటి కుంచెతో దులిపిన తరువాతే గుడ్డతో తుడవాలి. పంచె కొంగుతో రుద్దితే ఇసుక రేణువులు పూతను గీరేస్తాయి.

చీకటిలో తెల్లటి మచ్చ

ఇప్పుడు వేడిని పట్టి చూపే థర్మల్ స్కోపులు కూడా వచ్చాయి. ఇటువంటి రాత్రి సామాను కొనేముందు లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో విచారించడం తప్పనిసరి. అనుమతి ఉన్నా ఒక సంగతి మరువరాదు. అది వేడిని చూపుతుంది, ముఖాన్ని చూపదు. మోటారు వేసి నీళ్ళు కట్టటానికి వంగిన రైతు, గట్టు మీద ముడుచుకుని పడుకున్న కాపరి, తాడు తెంపుకుని వచ్చిన దూడ, మక్క చేలో మూతి పెట్టిన పంది, దూరం నుంచి ఆకుల చాటున నాలుగూ తెల్లటి మచ్చలే.

మామూలు స్కోపులోనూ ఇదే అపాయం. కంకులు కదిలాయి, గీతలు కుదిరాయి, వేలు మీట మీదికి పోయింది. ఆ క్షణంలో గుండు ఎక్కడికి పోతుందో స్కోపు సరిగ్గానే చెబుతుంది. అక్కడ ఉన్నది ఎవరో చెప్పవలసినవాడు మనిషి. గురి తప్పని అద్దం వెనుక పొరపాటు పడిన కన్ను ఉంటే ఆ పొరపాటు కూడా గురి తప్పదు.

అందుకే నేర్చినవారు కొన్ని కట్టుబాట్లు పాటిస్తారు. స్కోపుతో వెతకరాదు. స్కోపు ఎటు తిరిగితే గొట్టం అటు తిరుగుతుంది. వెతకటానికి మెడలో బైనాక్యులర్ ఉండాలి, చేతిలో టార్చి ఉండాలి. తల నుంచి తోక దాకా జంతువు పూర్తిగా కనబడనిదే తుపాకీ ఎత్తరాదు. శబ్దం విని, ఆకుల కదలిక చూసి, కళ్ళ మెరుపు చూసి కాల్చరాదు. గురి వెనుక మట్టి గుట్ట ఉన్నదా, ఊరు ఉన్నదా చూసుకోవాలి. స్కోపును తక్కువ రెట్ల మీదే ఉంచుకుని, పక్కన ఏమున్నదో కనబడేట్లు చూడాలి. అనుమానం ఉంటే కాల్చకపోవడమే గురి.

మనుషులను తినే రుద్రప్రయాగ చిరుతను 1926లో కొట్టిన జిమ్ కార్బెట్ తుపాకీ మీద దుర్భిణి లేదు. ఒక టార్చిలైటు మాత్రం ఉన్నది. చూపుకు అందినదాన్నే ఆయన కొట్టాడు.

అనుమతి ఉత్తర్వు చేతికి వచ్చి షూటరు ఊళ్ళోకి వచ్చిన రోజున రైతులు చేయవలసిన పని ఒకటున్నది. పొద్దుండగానే ఆ సంగతి ఊరంతటికీ చాటించాలి. ఆ రాత్రి ఎవరి మంచె మీద ఎవరున్నారు, నీళ్ళు కట్టటానికి ఎవరు పోతున్నారు, పశువులు ఎక్కడ కట్టేశారు అన్నది షూటరుకు చూపించాలి. చీకటి పడిన తరువాత మంచె దిగవలసి వస్తే పక్క చేనుకు వినబడేట్లు కేక వేసి దిగాలి. ఎంత ఖరీదైన అద్దమైనా చెప్పలేని సంగతిని ఆ కేక చెబుతుంది.